తాటి మొవ్వాకుతో ఎండ టోపీ: జడ, కుట్టు, అచ్చు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఊళ్లలో తలను ఎండావానల నుంచి కాచుకొనే సాధనాలకు కొదవ లేదు. వరినాట్ల వేళ పొలంలో వంగి పనిచేసేవారు తలనూ వీపునూ కలిపి కప్పుకొనే తాటాకు గిడుగు ఉంది. పక్క ఊరి ఒడియా రైతు అలాంటిదాన్నే పఖియా అంటాడు. కొండ ఊళ్లలో అడ్డాకులు కుట్టి కప్పుకొనే అలవాటూ ఉంది. ఇవేవీ దగ్గర లేనప్పుడు భుజం మీది తువ్వాలే తలపాగా అవుతుంది. అయితే వీటిలో ఏదీ తల కొలతకు కుట్టి, అచ్చు మీద ఎక్కించి, అంచు నిలబెట్టిన టోపీ కాదు. అలాంటి టోపీని మన ఇంటి దగ్గర దొరికే మొవ్వాకుతో (విచ్చుకోని లేత తాటాకుతో), సూదీ దారంతో, అడుగు గుండ్రంగా ఉన్న ఒక ఇత్తడి గిన్నెతో ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

ఈ పనిలో మూడు అంచెలు ఉన్నాయి. ఆకును సన్నని జడగా అల్లడం మొదటిది; ఆ జడను చుట్టు మీద చుట్టుగా కుట్టడం రెండోది; కుట్టినదాన్ని తడిపి అచ్చు మీద తీర్చడం మూడోది. చాపలూ బుట్టలూ విసనకర్రలూ అల్లే ఇళ్లు మన సరిహద్దు ఊళ్లలో ఇంకా ఉన్నాయి కాబట్టి మొదటి అంచె కొత్తగా నేర్చుకోవలసిన పని కాదు. మిగిలిన రెండూ మనకు అలవాటు లేనివి, డబ్బు ఉన్నది కూడా వాటిలోనే. టోపీల వృత్తి చరిత్రను కాస్త పరికిస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో తెలుస్తుంది.

జడ అల్లినవారు, టోపీ కుట్టినవారు

ఇటలీలోని టస్కనీలో, ఫ్లారెన్స్‌కు దగ్గరున్న సిగ్నా చుట్టుపక్కల, 18వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి గోధుమను గింజ కోసం కాక గడ్డి కోసమే పండించేవారు. విత్తనం ఒత్తుగా చల్లి, కాండం సన్నగా, పొడుగ్గా లేచేలా చేసి, గింజ ముదరకముందే పీకి, పగలు ఎండలోనూ రాత్రి మంచులోనూ ఉంచి తెల్లబరచేవారు. ఆ గడ్డితో అల్లిన టోపీలు లివోర్నో రేవు నుంచి ఓడ ఎక్కేవి కాబట్టి ఆ రేవు పేరుతోనే దేశదేశాల్లో చలామణి అయ్యాయి. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో తొకియా అనే మొక్క ఆకుతో నేసే టోపీలదీ అదే కథ. పనామా మీదుగా అమ్ముడుపోవడంతో అవి లోకానికి పనామా టోపీలయ్యాయి. 2012లో ఆ నేతను యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినా, అంగడిలో మాత్రం పాత పేరే నడుస్తోంది. అల్లినచోటుకు పేరు కూడా దక్కలేదన్నమాట.

ఇంగ్లండ్‌లోని లూటన్ కథ ఇంతకంటే ముఖ్యమైనది. బెడ్‌ఫర్డ్‌షైర్, హెర్ట్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో ఆడవాళ్లూ పిల్లలూ గోధుమ గడ్డిని చీల్చి జడలు అల్లేవారు. నాలుగైదేళ్ల పసివాళ్లను వరసగా కూర్చోబెట్టి అల్లించే జడ బడులు కూడా ఉండేవి. వాటిలో అక్షరాలు నేర్పడం నామమాత్రంగానే సాగేది. అల్లినదాన్ని 20 గజాల చుట్టలుగా చుట్టి సంతలో అమ్మేవారు. లూటన్ వ్యాపారులు ఆ చుట్టలను కొని, కుట్టించి, అచ్చు వేయించి, రిబ్బను చుట్టించి లండన్ దుకాణాలకు పంపేవారు. జడ అమ్మకం కోసమే 1869లో లూటన్‌లో పెద్ద హాళ్లు కట్టారు. ఆ తర్వాత కొద్ది కాలానికే చైనా నుంచి, అటుపైన జపాన్ నుంచి చౌక జడ ఓడల్లో దిగింది. ఒక తరం తిరిగేసరికి పల్లెల్లో అల్లిక దాదాపు అంతరించింది. టోపీ కుట్టే లూటన్‌కు మాత్రం ఏమీ కాలేదు. దిగుమతి జడతో మునుపటికంటే ఎక్కువ టోపీలు కుట్టి అమ్మింది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టును ఈనాటికీ హ్యాటర్స్ అనే పిలుస్తారు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1798లో ప్రావిడెన్స్ పట్టణంలో బెట్సీ మెట్‌కాఫ్ అనే పన్నెండేళ్ల బాలిక దుకాణంలో చూసిన దిగుమతి టోపీని అనుకరిస్తూ ఇంట్లోని గడ్డితో జడ అల్లి, తానే టోపీగా కుట్టుకుంది. పేటెంటు తీసుకోకుండా చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ ఆ విద్య నేర్పింది. 1809లో మేరీ కీస్ అనే ఆమె గడ్డిని పట్టుదారంతో కలిపి నేసే పద్ధతికి పేటెంటు పొంది, ఆ దేశంలో పేటెంటు అందుకొన్న తొలి స్త్రీలలో ఒకరయింది. ఈ ఇద్దరూ జడ దగ్గర ఆగిపోక టోపీ దాకా వెళ్లారు. మనమూ ఆ దారినే పోవాలని నా అభిప్రాయం.

ఆకు ఎంపిక, కోత, ఉడకబెట్టడం

తాటిచెట్టు తల నడుమ, రేకులు ఇంకా పూర్తిగా విచ్చుకోకుండా నిట్టనిలువుగా నిలబడి ఉండే లేత ఆకే మొవ్వాకు. విచ్చిన పచ్చాకు ఇంటి కప్పుకు పనికొస్తుందిగాని మడిచిన ప్రతిచోటా విరుగుతుంది. టస్కనీ రైతు గింజ ముదరకముందే గోధుమ పీకడానికి ఉన్న కారణమే ఇక్కడా వర్తిస్తుంది: లేత దశలో తీసిన నారే వంగుతుంది, తెల్లబడుతుంది. ఒక మంచి మొవ్వాకు ఒక టోపీకి సరిపోతుంది.

తాటిచెట్టు సుమారు నెలకు ఒక ఆకు చొప్పునే వేస్తుంది. దానికి పెరిగే మొన ఒక్కటే. ఆ మొనకు కత్తి తగిలితే చెట్టు చచ్చిపోతుంది. అందువల్ల చెట్టు ఎక్కే అలవాటున్న గీత కార్మికునితో మాట్లాడుకొని, ఒక చెట్టు నుంచి ఒకే మొవ్వు దింపించుకోవాలి, ఆ ఏడాదికి ఆ చెట్టును వదిలేయాలి. కల్లుకో ముంజలకో ఉంచుకొన్న చెట్ల జోలికి పోకపోవడం ఇరుగుపొరుగు మర్యాద కూడాను. సంక్రాంతి మొదలుకొని ఉగాది దాకా కోతకు మంచి కాలం, ఎందుకంటే ఆ రోజుల్లో పగలు పొడి ఎండ, రాత్రి మంచు రెండూ దొరుకుతాయి. ఆషాఢంలో కోసిన ఆకు ఆరేలోపే బూజు పడుతుంది.

దింపిన ఆకును అదే రోజు రేకులుగా విడదీసి, ప్రతి రేకు నడుమ ఉన్న ఈనెను పదునైన చిన్న కత్తితో తీసివేయాలి. ఈనెలను పారవేయకుండా కట్టకడితే చీపురవుతుంది. విడదీసిన రేకులను వదులుగా చుట్టలు చుట్టి, మరుగుతున్న నీళ్లలో పదిహేను ఇరవై నిమిషాలు ఉడకబెట్టాలి. ఉడకడం వల్ల ఆకులోని జిగురు దిగిపోతుంది, పురుగు గుడ్లు చస్తాయి, రేకు మెత్తబడుతుంది. నీళ్లు వంచి, మొదట ఒక పూట నీడలో, తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో ఆరబెట్టాలి. రాత్రిళ్లు బయటే ఉంచితే మంచుకు రంగు తేలి మీగడ రంగు వస్తుంది. ఈక్వడార్‌లో ఇంకా తెలుపు కోసం గంధకం పొగ పెడతారు. ఇంటి దగ్గర ఆ పని వద్దని గట్టిగా చెబుతాను. ఆ పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, పైగా తాటాకు సహజ రంగు ఎండ టోపీకి చక్కగా నప్పుతుంది. రంగు చారలు కావాలనుకొంటే కొన్ని రేకులను విడిగా రంగు నీళ్లలో ఉడికించుకోవచ్చు. పసుపు మాత్రం వాడకూడదు, అది ఎండకు నిలవదు.

పాయలు తీసి జడ అల్లడం

అల్లే ముందు రేకులను ఒకే వెడల్పు పాయలుగా చీల్చాలి. మన పెద్దవాళ్లు గోటితోనే చీలుస్తారు. బుట్టకు ఆ చీలిక చాలు, టోపీకి చాలదు. పాయ వెడల్పులో తేడా ఉంటే జడ అంచు వంకరపోతుంది, జడ వంకరపోతే కుట్టులో చుట్టు పక్కకు జరుగుతుంది. ఒక చిన్న చెక్క దిమ్మకు రెండు బ్లేడు ముక్కలను 4 మిల్లీమీటర్ల ఎడంతో బిగించి, దాని మీదుగా రేకును లాగితే అన్నీ సమానంగా వస్తాయి. ఇంగ్లండ్ పల్లెల్లో 1800 ప్రాంతంలో గడ్డిని చీల్చే చిన్న పనిముట్టు వాడుకలోకి వచ్చాకే అక్కడి జడ సన్నబడి, ఇటలీ జడతో పోటీకి నిలిచింది. పాయల్లో పలచనివాటిని టోపీ నెత్తికీ, మందమైనవాటిని అంచుకూ వేరుచేసి పెట్టుకోవాలి.

ఏడు పాయలతో అల్లిన జడ టోపీకి అన్నివిధాలా తగినది. 4 మిల్లీమీటర్ల పాయలు ఏడు కలిస్తే జడ దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు తేలుతుంది. పెద్దవారి తలకు సరిపడే, 8 సెంటీమీటర్ల అంచు ఉన్న టోపీకి పది నుంచి పదకొండు మీటర్ల జడ కావాలి. అంత జడకు పట్టే పాయల మొత్తం పొడవు వంద మీటర్లు దాటుతుంది. ఆ పని ఒక పూటలో ముగిసేది కాదు కాబట్టి అల్లినంత మేర చుట్టగా చుట్టుకొంటూ, తీరిక దొరికినప్పుడల్లా కొనసాగించడమే పద్ధతి.

అల్లికకు గంట ముందు పాయలను తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. నీళ్లలో నానబెట్టకూడదు; నానిన ఆకు ఉబ్బి, ఆరాక జడ వదులవుతుంది. ఏడు పాయల కొనలను కలిపి దారంతో కట్టి, కట్టును ఒక మేకుకు తగిలించి, ఎడమ చేతివైపు నాలుగు, కుడి చేతివైపు మూడు ఉండేలా విడదీసి పట్టుకోవాలి. ఎడమవైపు అన్నిటికంటే బయట ఉన్న పాయను తీసుకొని, దాని పక్కదాని మీదుగా, ఆ తర్వాతిదాని కిందుగా, మూడోదాని మీదుగా పోనిచ్చి కుడివైపు పాయల్లో అన్నిటికంటే లోపల చేర్చాలి. ఇప్పుడు కుడివైపు నాలుగు అవుతాయి. అక్కడ అన్నిటికంటే బయట ఉన్న పాయను అదే క్రమంలో, మీదుగా, కిందుగా, మీదుగా పోనిచ్చి ఎడమవైపు లోపల చేర్చాలి. ఇలా ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి సాగిపోవడమే మొత్తం అల్లిక. బయటి పాయను లోపలికి తిప్పేటప్పుడు గుండ్రంగా వంచకుండా, బొటనవేలితో నొక్కి పదునుగా మడిస్తే జడ అంచు తిన్నగా వస్తుంది. మూడు పాయల జడ వేయడం వచ్చిన ప్రతి ఆడపిల్లకూ ఇది చూస్తూ చూస్తూనే పట్టుబడుతుంది. చెప్పడంలో ఉన్న కష్టం చేయడంలో లేదు.

పాయలన్నీ ఒకేచోట అయిపోతే అతుకులన్నీ ఒకేచోట పడి జడ అక్కడే తెగుతుంది. అందుచేత మొదలుపెట్టేటప్పుడే ఒక్కొక్క పాయను ఒక్కొక్క పొడవులో తీసుకోవాలి. ఒక పాయ నాలుగు వేళ్ల పొడవు మిగిలిందనగా కొత్త పాయను దాని మీదే పరచి, రెండింటినీ కలిపి ఒకటిగా నాలుగైదు మడతల దాకా అల్లాలి. బయటికి పొడుచుకొచ్చిన కొనలను జడ పూర్తిగా ఆరాక కత్తెరతో దగ్గరగా కత్తిరించాలి. చివరిగా గాజు సీసాతో జడను రెండువైపులా ఒత్తి చదును చేస్తే కుట్టుకు సిద్ధమవుతుంది.

తల కొలత, అచ్చు

చెవులకు కొంచెం పైనా, నుదుటి నడుమగా, వెనక పుర్రె ఉబ్బు మీదుగా టేపు చుట్టి కొలవాలి. పెద్దవారిలో చాలామందికి ఇది 55 నుంచి 59 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. లోపల కుట్టబోయే చెమట పట్టీ కోసం మరో సెంటీమీటరు కలుపుకోవాలి.

తల చుట్టుకొలత తెలిస్తే చాలదు, దాని ఆకారమూ తెలియాలి. తల గుండ్రం కాదు, ముందువెనకలుగా సాగిన కోల. ఆ కోల అందరికీ ఒకలా ఉండదు. 1840ల్లో ప్యారిస్‌లో తల ఆకారాన్ని చిన్న కాగితం మీద సూదిగుచ్చులతో అచ్చు తీసే కన్‌ఫర్మాటూర్ అనే యంత్రం వచ్చింది. నెత్తిన పెట్టుకొనే ఆ చిక్కని యంత్రం మనకు అక్కర్లేదు. ఒక మెత్తని అల్యూమినియం తీగను తల చుట్టూ ఒత్తి, మెల్లగా తీసి, కాగితం మీద పెట్టి గీత గీస్తే అదే ఫలితం వస్తుంది.

ఆ గీతను వడ్రంగికి ఇచ్చి, 12 సెంటీమీటర్ల ఎత్తున, పైభాగం కొద్దిగా గుండ్రంగా ఉండే అచ్చు చేయించుకోవడం ఉత్తమం. తడికీ ఆవిరికీ పగలని, గుండుసూది దిగేటంత మెత్తని కలప ఏదైనా పనికొస్తుంది. వరసగా టోపీలు చేసి అమ్మదలచినవారికి అచ్చు లేనిదే పని సాగదు. రెండు మూడు కొలతల్లో చేయించుకోవాలి. ఒక్క టోపీ చేసి చూద్దామనుకొనేవారు కొలతకు దగ్గరగా ఉన్న గిన్నెను బోర్లించి, ముందూ వెనకా మడిచిన గుడ్డ పట్టీలు కట్టి కోలగా మార్చి, దాని మీద పలచని ప్లాస్టిక్ కాగితం బిగిస్తే సరిపోతుంది. ఇత్తడి, స్టీలు గిన్నెలకు తుప్పు పట్టదు. ఇనుప గిన్నె వాడకూడదు. తడి ఆకుకు తుప్పు మరక అంటితే పోదు.

కుట్టు

టోపీ బాగోగులన్నీ తేలేది ఇక్కడే, కాబట్టి తొందరపడకూడదు. జడ మొదటి జానెడు మేర తడిపి, కొనను లోపలికి మడిచి, రూపాయి నాణెమంత గుండ్రంగా బిగించి చుట్టి, నడుమ నుంచి నాలుగువైపులా కుట్లు వేయాలి. నెత్తికి కేంద్రం అదే. అక్కడి నుంచి ప్రతి కొత్త చుట్టూ పాత చుట్టు అంచు మీద అర సెంటీమీటరు ఎక్కేలా పరుస్తూ కుట్టుకుపోవాలి. దారం గట్టి నూలుదై, మైనం పట్టించినదై ఉండాలి. పైకి కనబడే కుట్టు చిన్నదిగా, లోపలివైపు కుట్టు పొడుగుగా ఉండాలి. చేత్తో గడ్డి టోపీలు కుట్టిన పాతకాలపు పనివారు పాటించిన పద్ధతి ఇదే. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఆరేడు మిల్లీమీటర్ల ఎడం ఉంచాలి. మరీ దగ్గరగా కుడితే సూది రంధ్రాల వరసలోనే ఆకు చినుగుతుంది. సూదిని రెండు పాయలు ఒకదానిపై ఒకటి ఉన్నచోట దింపాలి.

నెత్తి భాగం చదునుగా రావాలి. నాలుగైదు చుట్లు కాగానే దాన్ని బల్ల మీద పెట్టి చూడాలి. అంచులు పైకి లేచి గిన్నెలా అవుతుంటే జడను ఎక్కువ లాగి కుడుతున్నామని అర్థం. అంచు అలలు అలలుగా లేస్తుంటే మరీ వదులుగా పెడుతున్నామని అర్థం. లాగడం, వదలడం అనే ఈ రెండింటితోనే టోపీ ఆకారమంతా వస్తుంది. కత్తిరింపు, అతుకు ఎక్కడా లేవు.

నెత్తి అడ్డుకొలత 16, 17 సెంటీమీటర్లకు చేరాక పక్క గోడ మొదలుపెట్టాలి. అక్కడ ఒక చుట్టు మేర జడను గట్టిగా లాగి కుడితే అంచు తనంతట తానే కిందికి దిగుతుంది. ఆపై చుట్లను అచ్చు మీద మాటిమాటికీ పెట్టి చూసుకొంటూ, ముందు కొంచెం దిగేలా, వెనక బిగువు తగ్గించి కుట్టాలి. గోడ ఎత్తు తొమ్మిది పది సెంటీమీటర్లు చాలు. టోపీ తలమీద ఎగుడుదిగుళ్లు లేకుండా కూర్చునేది కింది చుట్టు వల్లనే. దాని చుట్టుకొలత మన లెక్క ప్రకారం తల కొలతకంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండి తీరాలి. తేడా ఉంటే అక్కడికక్కడే విప్పి మళ్లీ కుట్టాలి, అంచు కుట్టాక సరిదిద్దడం కుదరదు.

అంచు మొదటి రెండు చుట్లలో జడను బాగా వదులుగా పెట్టాలి. అప్పుడు అంచు బయటికి తిరుగుతుంది. ఆపై ప్రతి చుట్టుకూ వదులు కొంచెం తగ్గిస్తూ పోతే అంచు చదునుగా నిలుస్తుంది. ఐదు చుట్లయ్యాక, పక్కన పెట్టుకొన్న మందపాటి పాయల జడతో చివరి చుట్టు వేసి, కొనను క్రమంగా పాత చుట్టు కిందికి జార్చి, కనబడకుండా ముగించాలి. గాలికి అంచు ముఖం మీదికి వాలకుండా ఉండాలంటే చివరి చుట్టు లోపల, రెండు పొరల మధ్య, సన్నని వెదురు బద్దనో తుప్పు పట్టని తీగనో పెట్టి కుట్టవచ్చు.

చేతి కుట్టు నిదానం. ఐరోపాలో 19వ శతాబ్దపు చివరి పాదంలో గడ్డి జడకు ప్రత్యేకమైన కుట్టు మిషన్లు వచ్చాకే లూటన్ టోపీల తయారీ వేగం పుంజుకొంది. ఇంట్లోని మామూలు మిషను మీద పొడుగు కుట్టు పెట్టి, జడను కాస్త తడిగా ఉంచి ప్రయత్నించవచ్చుగాని, నెత్తి మొదటి నాలుగు చుట్లు చేత్తోనే కుట్టాలి.

అచ్చు మీద తీర్చడం, గట్టిపరచడం

కుట్టు ముగిసిన టోపీ మీద నీళ్లు చల్లి, అరగంట తడిగుడ్డ కప్పి ఉంచి, అచ్చు మీదికి లాగి ఎక్కించాలి. గోడా అంచూ కలిసేచోట తాడు బిగించి కట్టాలి. తడిగుడ్డ పరచి, మరీ వేడిగా లేని ఇస్త్రీ పెట్టెతో నెత్తినీ గోడనూ ఒత్తాలి. అంచును బల్ల మీద చదునుగా పరచి, పైన బరువు పెట్టాలి. ఒక పగలూ ఒక రాత్రీ ఆరనివ్వాలి. తీసేటప్పుడు తడి మిగిలి ఉంటే పడిన శ్రమంతా పోతుంది. ఆకు మళ్లీ తన పాత వంపుకు పోతుంది.

గట్టిదనం కోసం గంజి పెట్టడం మనకు వెంటనే తట్టే ఉపాయం. ఎండ టోపీకి అది సరిపడదు. చెమటకు గంజి కరిగి జిగటవుతుంది, బొద్దింకలు చేరతాయి. దాని బదులు లక్కను వాడవచ్చు. ఐరోపా టోపీల పనివారు ఉన్ని టోపీలనూ పట్టు టోపీలనూ గట్టిపరచడానికి వాడినది లక్కే, అందులో చాలా భాగం మన దేశం నుంచి వెళ్లినదే. లీటరు స్పిరిటులో వంద గ్రాముల లక్క రేకులు వేసి, రాత్రంతా నానబెట్టి, వడకట్టి, అంచు లోపలివైపు మాత్రం పలచగా కుంచెతో పూయాలి. ఆరుబయట, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయవలసిన పని ఇది.

వృత్తి జబ్బుల విషయంలో టోపీల పరిశ్రమ చరిత్ర భయంకరమైనది. బీవరు అనే నీటి జంతువు బొచ్చునూ, కుందేలు బొచ్చునూ ఫెల్టు అనే మందపాటి బట్టగా దట్టించడం కోసం దానికి పాదరసపు నైట్రేటు పట్టించేవారు. వేడి ఆవిరిలో ఆ పాదరసం పనివాళ్ల ఒంట్లోకి చేరి చేతులు వణికేవి, పళ్లు ఊడేవి, మతి చెడేది. అమెరికాలో ఇలాంటి బొచ్చు టోపీలకు పాదరసం వాడకం 1941 డిసెంబరులో గాని ఆగలేదు. మన ఆకు టోపీకి అటువంటి విషం ఏదీ అక్కర్లేదు. అయినా లక్క పూసేవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

లోపలి పట్టీ, పైన అలంకారం

లోపల మూడు సెంటీమీటర్ల వెడల్పు మెత్తని నూలు పట్టీని చుట్టూ కుట్టాలి. ఇది చెమట పీల్చుకొంటుంది, మాసినప్పుడు విప్పి ఉతుక్కోవచ్చు. బ్రిటన్‌లో 1784 నుంచి 1811 దాకా మగవారి టోపీలపై పన్ను ఉండేది. పన్ను కట్టినట్టు ముద్ర కాగితాన్ని ఈ లోపలి భాగంలోనే అంటించేవారు, ఆ ముద్రను ఫోర్జరీ చేస్తే మరణశిక్ష దాకా పడే చట్టం ఉండేది. మన పట్టీ మీద అమ్మేవారు తమ ఊరి పేరు రాసుకొంటే మంచిది. టోపీ రేవు పేరుతో పోకుండా ఉంటుంది.

బయట చుట్టే రిబ్బనుకు బరంపురం పట్టు మగ్గాల దగ్గర మిగిలే ముక్కలు గాని, కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతలోని ఎర్ర అంచు ముక్కలు గాని తాటాకు రంగు మీద బాగా తేలతాయి. రిబ్బనును అంటించకుండా నాలుగుచోట్ల మాత్రమే కుట్టాలి.

పక్షి ఈకలు మాత్రం పెట్టవద్దు. 19వ శతాబ్దం చివర లండన్, ప్యారిస్, న్యూయార్కులలో ఆడవాళ్ల టోపీల అలంకారానికి కొంగ ఈకల గిరాకీ విపరీతంగా పెరిగి, గూళ్ల మీద ఉన్న తల్లి కొంగలను లక్షల సంఖ్యలో చంపారు. ఆ ఆందోళనలోంచే బ్రిటన్‌లో 1889లో పక్షి సంరక్షణ సంఘం పుట్టింది. బ్రిటిష్ ప్రభుత్వం 1902లో మన దేశం నుంచి అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. బ్రిటన్‌లోకి దిగుమతిని ఆపే చట్టం 1921లో గాని రాలేదు. చిలికా సరస్సు ఒడ్డున బతికే మనం ఈ సంగతి మరవకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి సరేసరి.

ఈకలకు బదులు మన దగ్గర అంతకంటే మంచి వస్తువు ఉంది. చెరువుల్లో పెరిగే జీలుగు బెండుతో మన పెళ్లిళ్ల బాసికాలూ, ఒడియా వరుడి ముకుటమూ చేస్తారు. పూరీ రథయాత్రలో జగన్నాథ, బలభద్ర, సుభద్రలకు పహండి వేళ, అంటే విగ్రహాలను రథాల దగ్గరికి తీసుకెళ్లే వేళ, పెట్టే టాహియా కిరీటాల్లోనూ ఈ బెండు పూలు ఉంటాయి. దొరలు పెట్టుకొన్న సోలా టోపీ ఈ బెండు పొరలను అచ్చు మీద ఒకదానిపై ఒకటి అంటించి, పైన గుడ్డ తొడిగినదే. తేలికగా ఉండి వేడిని లోపలికి రానివ్వని గుణం దానిది. బాసికాలు చేసేవారి దగ్గర ఒకటి రెండు పూలు చేయించుకొని రిబ్బను ముడి దగ్గర కుడితే అలంకారం పూర్తవుతుంది. వాన తగిలితే బెండు పాడవుతుంది కాబట్టి పూలను తీసి పెట్టుకొనేలా పిన్నుతో బిగించడం మేలు.

అమ్మకం, నిల్వ

గోపాలపూర్ సముద్రతీరంలోనూ చిలికా ఒడ్డు రంభలోనూ చలికాలం వచ్చే యాత్రికులు ఎండ టోపీలు కొంటారు. అక్కడికి జడను మీటర్ల లెక్కన అమ్మే మనిషిగా వెళ్లవద్దు. చెమట పట్టీ కుట్టి, అచ్చు మీద తీర్చిన టోపీతోనే వెళ్లాలి. ధర వేసేటప్పుడు అల్లిక గంటలను కుట్టు గంటలతో సమానంగా లెక్కించాలి. ఇంట్లో అత్త అల్లి కోడలు కుట్టినా, నలుగురు ఆడవాళ్లు సంఘంగా చేరి పని పంచుకొన్నా, డబ్బు పంపకం ఈ లెక్క మీదే జరగాలి. అల్లేవారికి తక్కువ కూలి కట్టి కుట్టేవారికి ఎక్కువ ఇస్తే, లూటన్ పల్లెల్లో జరిగినట్టే అల్లేవారు మొదట మానుకొంటారు.

వానాకాలంలో టోపీని అంచు మీద నిలబెట్టకుండా, నెత్తి కింద గుడ్డ ఉండ పెట్టి, గాలి ఆడేచోట పైన ఉంచాలి. పక్కన ఎండిన వేపాకు వేస్తే పురుగు చేరదు. బూజు మచ్చ కనబడితే తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాలి, నీళ్లలో ముంచి కడగకూడదు. అంచు వంగిపోతే ఆవిరి పట్టి మళ్లీ బల్ల మీద బరువు కింద ఉంచాలి. ఎక్కువ వాడకానికి ముందుగా చెడేది చివరి చుట్టే. దాన్ని మాత్రం విప్పి కొత్త జడ వేసి కుడితే టోపీ మరో రెండు మూడు వేసవులు వస్తుంది. అందుకోసం అల్లినప్పుడే మీటరున్నర జడ అదనంగా అల్లి, చుట్ట చుట్టి దాచుకోవాలి.